పాట ఎవరి నడకన నడవాలి? సోన్ హరోచోను పాప్‌తో కలిపి ఆల్బమ్ చేయడం గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు హ్యూస్టన్‌లో ఉంటున్నారు. మెక్సికోలోని వెరాక్రూజ్ నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన ఇద్దరు మిత్రులతో కలిసి, వారి ప్రాంతపు జానపద సంగీతమైన సోన్ హరోచోను పాప్‌తో మేళవించి తొమ్మిది, పది పాటల ఆల్బమ్ చేయాలనుకుంటున్నారు. లాప్‌టాప్‌లో కట్టుకున్న బీట్ మీద హరానా అనే వాళ్ళ చిన్న గిటారు వాయించి చూస్తే రెండూ నూనె, నీళ్ళలా విడిపోతున్నాయని, మిక్సింగ్‌లో ఏం చేస్తే కలుస్తాయని అడిగారు. ఒకటి రెండు తెలుగు చరణాలు పెట్టవచ్చా, సంప్రదాయ పాటలు వాడుకుంటే హక్కులు ఎవరివి అని కూడా అడిగారు. నేను రాజమహేంద్రవరంలో మృదంగం నేర్చుకుని, ఇరవై రెండేళ్ళుగా లాస్ ఏంజెలెస్‌లో రికార్డింగ్ ఇంజనీరుగా పని చేస్తున్నాను. అందులో సగానికి పైగా కాలం మెక్సికన్ అమెరికన్ బృందాలతోనే గడిచింది కనుక, చేసిన తప్పులతో సహా చెప్పగలను.

చేదు మాట ముందే చెప్పేస్తాను: మిక్సింగ్‌లో ఏం చేసినా అవి కలవవు. ఈక్వలైజర్‌తో, రివర్బ్‌తో సరిదిద్దగలిగేది శబ్దాన్ని మాత్రమే. మీ పాటలో తగువు శబ్దానిది కాదు, నడకది. మీరు బీట్ ముందు కట్టి, దానికి హరానాను నగలాగా తొడిగారు. దానితో పాట పాప్ నడకన నడుస్తుంటే హరానా తన దారిన తాను పోతోంది. ఇటువంటి ఆల్బమ్‌కు కూర్చున్న మొదటి రోజే తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. నడక జానపదానిది కావాలి; పాప్ నుంచి తీసుకోవలసింది పాట ఆకృతి, ఖాళీని వాడుకునే తీరు, గొంతును అందరికంటే ముందు నిలబెట్టే పద్ధతి. దీన్ని తిరగేసి చేసిన రికార్డులు నా చేతుల మీదుగా చాలానే వెళ్ళాయి. వాటిలో చాలావరకు విమానాశ్రయపు దుకాణాల్లో వినిపించే సంగీతంలాగే ఉన్నాయి, ఒకటి రెండు నేను చేసినవే.

మీరు 'లాటిన్ జానపదం' అనకుండా సోన్ హరోచో అని ఒకదాన్ని పట్టుకోవడం మంచి పని. ఒగ్గు కథనూ, అస్సాం బిహూనూ, మరాఠీ లావణినీ ఒకే గంపలో వేసి భారతీయ జానపదం అంటే మనకెలా ఉంటుందో, బొలీవియా తీగ వాద్యం చరాంగోనూ, కొలంబియా పిల్లనగ్రోవి గైతానూ, వెరాక్రూజ్ హరానానూ ఒకే పాటలోకి తెస్తే వాళ్ళకూ అలాగే ఉంటుంది.

ఈ సంగీతం తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. మెక్సికోలో వెరాక్రూజ్ రాష్ట్రపు దక్షిణ భాగం, పపలోఆపాన్ నది పరిసరాలు దీని పుట్టినిల్లు. స్పెయిన్ తీగ వాద్యాలు, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారి లయ, స్థానిక ఆదివాసుల సంప్రదాయాలు అక్కడ కొన్ని వందల ఏళ్ళు కలిసి ఉడికాయి. ప్రధాన వాద్యం హరానా: ఒకే దుంగను తొలిచి చేసిన చిన్న గిటారు, సాధారణంగా ఎనిమిది తీగలు ఐదు వరుసలుగా ఉంటాయి. రాగం నడిపేది రెకింతో. దాన్ని కొమ్ముతో చేసిన పొడవాటి పలకతో మీటుతారు. మంద్రానికి లియోనా ఉంటుంది. గాడిదదో గుర్రానిదో ఎండిన దవడ ఎముక, కిహాదా, పిడికిలితో కొడితే వదులైన పళ్ళు గలగలమంటాయి. వీటన్నిటి మధ్యలో తరిమా అనే చెక్క వేదిక. ఊరంతా దాని చుట్టూ చేరి తెల్లవార్లూ పాడే సభను ఫందాంగో అంటారు. వేదిక మీద నాట్యం చేసేవారి మడమలే అక్కడ డ్రమ్ములు. ఆ నాట్యానికి సపతెయాదో అని పేరు.

ఇప్పుడు నడక సంగతి. ఎక్కువ సోన్‌లు ఆరు చిన్న లెక్కల చక్రంలో తిరుగుతాయి. అయితే ఆ ఆరింటిని ఒకరు మూడేసిగా రెండుసార్లు, మరొకరు రెండేసిగా మూడుసార్లు విరుస్తుంటారు. ఒక్కోసారి ఒకే హరానా ఒక ఆవర్తం అలా, ఒక ఆవర్తం ఇలా వెళ్తుంది. మన భాషలో చెప్పాలంటే ఒక చేయి 'తకిట తకిట' అంటుంటే ఇంకో చేయి 'తక తక తక' అంటుంది. రెండూ ఒకే చోట బయలుదేరి ఒకే చోట కలుస్తాయి, మధ్యలో మాత్రం ఒకదానినొకటి కవ్విస్తుంటాయి. సోన్ హరోచోలోని ఊపు అంతా ఆ కవ్వింపులోనే ఉంది. మీరు పంపిన వివరణ ప్రకారం మీ బీట్ నాలుగు దెబ్బలది, ప్రతి దెబ్బకూ కిక్, అంటే కాలితో కొట్టే పెద్ద డ్రమ్. దానికి సరిపెట్టడానికి మీ మిత్రుడు హరానా మీటును నాలుగు లెక్కకు దిద్దుకున్నాడు. అంటే సోన్‌లో ఏది ప్రాణమో దాన్నే తీసేసి, మిగిలిన చెక్క చప్పుడును పాటలో పెట్టుకున్నారు.

'లా బాంబా' సంగతేమిటని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. 1958లో పదిహేడేళ్ళ రిచీ వాలెన్స్ ఆ సంప్రదాయ సోన్‌ను రాక్ అండ్ రోల్‌గా మార్చి పాడాడు. 1987లో లోస్ లోబోస్ బృందం అదే పాటను అమెరికా జాబితాలో మొదటి స్థానానికి తీసుకెళ్ళింది. అయితే 'లా బాంబా' ఈ సంప్రదాయంలో ఉన్న కొద్దిపాటి రెండు-నాలుగు లెక్కల సోన్‌లలో ఒకటి. దాని ఎముకల గూడే రాక్ నడకకు సిద్ధంగా ఉంది. 'ఎల్ సికిసిరీ'నో 'ఎల్ బలహూ'నో అదే అచ్చులో పోయాలని చూస్తే కుదరదు. లోస్ లోబోస్ రికార్డును చివరిదాకా వినండి: ఎలక్ట్రిక్ వాద్యాలు తప్పుకుని, పాట సంప్రదాయ తీగల వాయిద్యంలోకి దిగిపోయి ముగుస్తుంది. ఆ కొన్ని క్షణాలను నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చకుండా, ఒకదాని తరువాత ఒకటి నిలబెట్టడం కూడా మేళవింపే అని నాకు మొదట తెలిసింది అక్కడే.

అందుచేత మీ పనిని ఇలా తిరగేయండి. ముందు ఇద్దరు మిత్రులనూ కూర్చోబెట్టి, హరానా, రెకింతో, కుదిరితే తరిమా, మూడూ కలిపి పాట మొత్తం రికార్డు చేయండి. బీట్ తరువాత. ఆ రికార్డును వింటూ మడమ ఎక్కడ బలంగా పడుతోందో గుర్తు పెట్టుకుని, కిక్‌ను అక్కడ మాత్రమే ఉంచండి. చాలా సోన్‌లలో 'తకిట తకిట'కు రెండు కిక్‌లు చాలు. చప్పట్లు, స్నేర్ అనే చిన్న డ్రమ్ వంటివాటిని పల్లవి వరకు దాచుకుని, అక్కడ 'తక తక తక' పక్షాన వేయండి. వినేవాడికి బీట్ మారినట్టే ఉంటుంది, వేగం మాత్రం వెంట్రుకవాసి కూడా మారదు. హై హ్యాట్, అంటే టిక్ టిక్‌మనే జంట తాళాలు, పూర్తిగా తీసేయండి, ఆ పని హరానా చేస్తోంది. డప్పు మీద ఆరు లెక్కల దరువు వింటూ పెరిగిన చెవి మీకుంటే, లాప్‌టాప్ ముందు కూర్చున్న మిగతావారి కంటే మీకు ఇది తొందరగా పట్టుబడుతుంది.

క్లిక్ ట్రాక్, అంటే లయ తప్పకుండా చెవిలో వినిపించే టిక్ టిక్, విషయంలో నా అనుభవం ఒకటి చెప్తాను. చాలా ఏళ్ళ క్రితం ఒక బృందంతో పని చేస్తున్నప్పుడు, తరువాత ఎడిటింగ్ సులువవుతుందని, అరవై దాటిన ఒక హరానా వాద్యకారుడికి హెడ్‌ఫోన్స్ పెట్టి క్లిక్ వినిపించాను. ఆయన మర్యాదగా మూడు టేకులు వాయించారు. అన్నీ సరిగ్గా ఉన్నాయి, అన్నీ చచ్చిపోయి ఉన్నాయి. నాలుగోసారి హెడ్‌ఫోన్స్ తీసి మెడ చుట్టూ వేలాడేసుకుని, కాలితో నేల తడుతూ వాయించారు. పాట లేచి నిలబడింది. తరువాత తెర మీద క్లిక్ ఉన్న టేకు, లేని టేకు తరంగాలను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కనిపించింది. ప్రతి మూడు మీటుల్లో నడిమిది గీత మీద పడకుండా ఎప్పుడూ కొంచెం వెనక, మూడోదాని వైపు ఒరిగి పడుతోంది. క్లిక్ ఉన్నప్పుడు ఆయన ఆ వాలును మానుకుని గీత మీదికి వచ్చేశారు. అప్పటి నుంచి నేను వాద్యకారులను స్వేచ్ఛగా వాయించనిచ్చి, తరువాత సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ఆవర్తం మొదటి దెబ్బకూ టెంపో గుర్తు పెట్టి, యంత్రాన్ని మనిషి వెంట నడిపిస్తున్నాను. నాలుగు నిమిషాల పాటకు ఇది ఒక పూట పని. దెబ్బలన్నిటినీ గీత మీదికి లాగేసే క్వాంటైజ్ మీటను మాత్రం హరానా మీద ఎన్నడూ నొక్కవద్దు; సింథ్‌నే ఆ వాలుకు జరపండి.

నేర్చుకోవలసిన క్రమానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ మెక్సికోది కాదు, కొలంబియాది. శాంతా మార్తాలో పుట్టిన కార్లోస్ వీవెస్ 1991లో వయ్యెనాతో వాగ్గేయకారుడు రఫాయెల్ ఎస్కలోనా జీవితం మీద వచ్చిన టీవీ ధారావాహికలో నటించాడు. వయ్యెనాతో అంటే అకార్డియన్, కాహా అనే చిన్న డ్రమ్, గీసి వాయించే గువచరాకా, ఈ మూడింటితో కథలు చెప్పే కరీబియన్ తీరపు పాట. 1993లో వీవెస్ చేసిన ఆల్బమ్‌లో సొంత పాటల జోలికి పోకుండా పాత వయ్యెనాతోలనే తీసుకుని, కొత్త బృందంతో వాయించాడు. సొంత పాటలతో 'లా తియెర్రా దెల్ ఒల్వీదో' వచ్చింది ఆ తరువాత, 1995లో. అంటే పాత ఇంట్లో కొన్నాళ్ళు కాపురం చేశాకనే గోడలు కదిపాడు. పక్కన నిలబెట్టుకున్నది ఎవరిని? 1985లో వయ్యెదుపార్‌లో జరిగిన వయ్యెనాతో ఉత్సవంలో అకార్డియన్ రాజుగా కిరీటం గెలిచిన ఎహీదియో క్వద్రాదోను. ఆయన 2024లో మరణించేవరకు ఆ బంధం తెగలేదు. ఇంకొకటి గమనించండి. ఆ బృందంలో మయ్తే మొంతేరో వాయించిన గైతా, అంటే తేనెమైనం, బొగ్గుపొడి కలిపి చేసిన తల, బాతు ఈక ముక్కతో చేసిన ఊదుగొట్టం ఉండే పొడవాటి పిల్లనగ్రోవి, వయ్యెనాతో మూడు వాద్యాల్లో లేదు. అదే తీరపు మరో సంప్రదాయానిది. రాక్‌తో కలపడానికి ముందే రెండు జానపదాలు తమలో తాము కలిశాయి. అందుకే ఎలక్ట్రిక్ గిటారు వచ్చి కూర్చున్నప్పుడు పరాయిగా అనిపించలేదని నా అభిప్రాయం. మీరూ మొదటి రెండు నెలలు నాలుగు సంప్రదాయ సోన్‌లను పాప్ ఊసే లేకుండా నేర్చుకుని పాడండి. ఆల్బమ్‌లో అవి ఉండకపోయినా ఫరవాలేదు.

శ్రుతి విషయంలో తొందరపడితే మళ్ళీ వెనక్కి రావడం కష్టం. పాప్‌లో గాయని గొంతును బట్టి శ్రుతి నిర్ణయిస్తారు. ఇక్కడ వాద్యాన్ని బట్టి నిర్ణయించాలి. హరానాను ఎక్కువమంది సోల్, దో, మి, లా, సోల్ అనే పాశ్చాత్య స్వరాల వరుసలో కలుపుతారు; దో, సోల్, రె శ్రుతుల్లో ఖాళీ తీగలు మోగుతూ వాద్యం నిండుగా పలుకుతుంది. గాయనికి అర స్వరం పైన హాయిగా ఉందని ఒకసారి మేము అంతా రికార్డయ్యాక తీగ వాద్యాలను సాఫ్ట్‌వేర్‌లో అర స్వరం ఎత్తాం. హరానా రేకు డబ్బాలా మోగింది, మళ్ళీ వాయించుకోవలసి వచ్చింది. అవసరమైతే వాద్యాలనే మొత్తంగా అర స్వరం పైకో కిందికో కలుపుకోండి, లేదా వేరే పరిమాణం హరానా తీసుకోండి. ఇవి చిన్నవాటి నుంచి పెద్దవాటి వరకు చాలా పరిమాణాల్లో దొరుకుతాయి. మంద్రంలో లియోనా, బేస్ గిటారు రెండూ ఒకే పాటలో ఉంటే ఒకరి మాట ఒకరికి వినబడదు; ఒక్కో పాటకు ఒకరినే పిలవండి. హరానా మీటు సరిగ్గా గొంతు ఉండే మధ్యస్థాయిలోనే కూర్చుంటుంది కనుక, రెండు హరానాలుంటే ఎడమ, కుడి అంచులకు జరిపి నడుమ గొంతుకు దారి వదలాలి. అదే చోట సింథ్ ప్యాడ్ పరిస్తే ఆ దారి మళ్ళీ మూసుకుపోతుంది. మైకును హరానా రంధ్రానికి ఎదురుగా పెట్టకుండా, మెడ బుర్రకు అతుక్కున్న చోటి వైపు జానెడున్నర దూరంలో పెడితే మీటులోని గరుకు, చెక్కలోని గుండ్రదనం రెండూ వస్తాయి.

తరిమా గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్ని వదిలేసి శాంపిల్, అంటే ముందే రికార్డు చేసిపెట్టిన శబ్దపు ముక్క, వాడతారు. నేను మొదటిసారి తరిమాను స్టూడియోలో తివాచీ మీద పెట్టించాను. చక్కగా తయారైన నర్తకి, మంచి మైకులు, అయినా అట్టపెట్టె మీద తొక్కినట్టు వచ్చింది. తరిమా ఒక పెట్టె. కింది గాలి కదిలితేనే పలుకుతుంది. రెండో రోజు దాన్ని గ్యారేజీలోకి మోసుకెళ్ళి, సిమెంటు నేల మీద నాలుగు మూలలా నాలుగు ఇటుకలు పెట్టి ఎత్తాం. ఒక మైకు పలక కింద నేలకు దగ్గరగా, ఒకటి నర్తకి మోకాలి ఎత్తున పక్క నుంచి, ఇంకొకటి గది మూలలో. కిందిది మడమ బరువును పట్టింది, పక్కది వేళ్ళ దగ్గర పడే సన్నని తాకిళ్ళను పట్టింది. ఆ రోజు నర్తకి చెప్పిన మాటే నా ఏర్పాటు కంటే విలువైనది. ఫందాంగోలో ఎవరైనా పద్యం పాడుతున్నప్పుడు పాదాలు మెత్తగా పలకను రాస్తాయి, మాటలు వినబడాలి కదా. పాట ఆగి తీగలు మాత్రమే సాగేటప్పుడు మడమలు విజృంభిస్తాయి. పాప్‌లో దీనికి విరుద్ధం: పల్లవి పాడేటప్పుడే అన్నీ బిగ్గరగా ఉంటాయి. ఈ రెండు పద్ధతుల్లో ఏది ఎక్కడ పాటించాలో ఒక్కో పాటకు వేరుగా నిర్ణయించుకోండి. నాకు నచ్చిన ఏర్పాటు: చరణంలో గొంతు, ఒక హరానా, రాపిడి శబ్దం, పల్లవికి బేస్ చేరుతుంది, మడమలు ఇంకా చేరవు, పల్లవి ముగిశాక ఎనిమిది ఆవర్తాలు ఎవరూ పాడకుండా తరిమాను వదలండి. వినేవారు పాప్ పాటలో మళ్ళీ పల్లవి కోసం ఎదురు చూసినట్టే ఆ మడమల కోసం ఎదురు చూస్తారు.

ఆకృతి దగ్గర కొంత నిర్దయ అవసరం. సోన్‌కు నిడివి అంటూ లేదు. పాడేవారు పద్యం అందుకుంటూ, ఇంకొకరు బదులిస్తూ, వేదిక మీద మనుషులు మారుతూ అరగంట అయినా సాగవచ్చు. ఆల్బమ్‌లో అది మూడు నాలుగు నిమిషాల్లో ఇమడాలి. స్పాటిఫైలో 30 సెకన్లు విన్నాకే ఒక వినికిడిగా లెక్కిస్తారు కనుక, ఆలోగా గొంతు వినబడాలని నిర్మాతలు ఒత్తిడి చేస్తారు. నేను ఆ ఒత్తిడికి సగమే లొంగుతాను. పది పాటల్లో ఏడింటికి గట్టి పల్లవి పెట్టండి, రెండింటిని చక్రంలా తిరగనివ్వండి, ఒకదాన్ని మాత్రం ఆరేడు నిమిషాలు ఫందాంగోలో పాడినట్టే ఉంచండి. అదే ఆల్బమ్‌లో మిగతా తొమ్మిది పాటలకూ ఇంటి అడ్రసు.

తెలుగు చరణం పెట్టవచ్చు, కానీ అనువాదం పెట్టవద్దు. సోన్ పద్యాలు ఎక్కువగా ఎనిమిదేసి అక్షరాల పాదాలు. స్పానిష్‌లో పాదం చివరి నుంచి రెండో అక్షరానికో దాని చుట్టుపక్కలో ఊనిక పడుతుంది, వాద్యకారుడు ఆ ఊనికను బట్టి మీటు ఎత్తుతాడు. తెలుగులో ఊనిక కాదు, లఘువు గురువుల తూకం. ఎనిమిది అక్షరాలు లెక్కపెట్టి తెలుగు పాదం రాస్తే, గురువులు ఎక్కువైన చోట మీ గొంతు హరానా కంటే వెనకబడుతుంది. అక్షరాలు వదిలేసి మాత్రలు లెక్కపెట్టండి. 'తకిట'కు మూడు మాత్రలు, అలాంటివి రెండు కలిసి ఆవర్తానికి ఆరు. 'ఏటి ఒడ్డు' అన్నామనుకోండి, ఏ-టి మూడు, ఒడ్-డు మూడు, అమరికగా కూర్చుంటుంది. 'తక తక తక' వచ్చే ఆవర్తంలో 'పడవలు కద' వంటి లఘువుల గుంపు పడితే మాట కూడా ఆ కవ్వింపులో పాలు పంచుకుంటుంది. మన పదాలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కనుక స్పానిష్ పక్కన చెవికి ఎబ్బెట్టుగా ఉండదు. విషయం మాత్రం మీదే కావాలి. ఫందాంగో 'ఎల్ సికిసిరీ'తో, వచ్చినవారికి నమస్కారాలు చెప్పే పద్యాలతో మొదలవడం ఆనవాయితీ. ఆ చోట మీరు ఎవరో, ఎక్కడి నుంచి వచ్చారో, ఎవరి అనుమతితో పాడుతున్నారో తెలుగులో చెప్పుకుంటే అది సంప్రదాయం లోపలి నుంచే వచ్చిన చరణం అవుతుంది.

హక్కుల విషయంలో 'ఇది పాత పాటే కదా, ఎవరిదీ కాదు' అన్న మాట ఎవరు చెప్పినా నమ్మకండి. 'ఎల్ కోందోర్ పాసా' స్వరాన్ని అమెరికా గాయకుడు పాల్ సైమన్ పారిస్‌లో స్థిరపడిన లోస్ ఇంకాస్ బృందం నుంచి విని, సంప్రదాయ బాణీ అనుకుని, 1970 నాటి ఆల్బమ్‌లో చేర్చాడు. నిజానికి అది పెరూ స్వరకర్త దానియేల్ అలోమియా రోబ్లెస్ 1913లో ఒక సంగీత నాటకానికి కూర్చినది. ఆయన కుమారుడు దావా వేశాక పేరు చేర్చారు. అక్కడ దురుద్దేశం లేదు, వాకబు మాత్రమే లోపించింది. 1989లో ప్రపంచాన్ని ఊపేసిన 'లంబాడా' కథ వేరు. బొలీవియాలోని లోస్ క్హార్కాస్ బృందపు 1981 నాటి పాటను అడగకుండా వాడుకున్నారు, తరువాత ఆ పాట కట్టిన సోదరులిద్దరినీ రచయితలుగా ఒప్పుకుని పరిహారం ఇవ్వవలసి వచ్చింది. మీకు ఎదురయ్యే చిక్కు ఇంత పెద్దది కాకపోయినా ఇంతకంటే నాజూకైనది. సోన్ బాణీ ఉమ్మడి ఆస్తే కావచ్చు, కానీ మీ మిత్రుడు పాడే పద్యాల్లో రెండు ఆయన ఊరి పద్యకారుడు, ఇంకా బతికి ఉన్న మనిషి, కట్టినవి కావచ్చు. ప్రతి పద్యం ఎవరి దగ్గర విన్నారో రాయించుకోండి. పాట రచన హక్కు, రికార్డింగ్ హక్కు రెండూ వేరు వేరు. రెండింటిలో ఎవరికెంత వాటా అన్నది మొదటి టేకుకు ముందే కాగితం మీద పెట్టి ముగ్గురూ సంతకాలు చేయండి. సంప్రదాయ బాణీ మీద మీరు పొందగలిగేది మీరు కొత్తగా చేర్చిన భాగం మీద హక్కు మాత్రమే.

ఆ సంప్రదాయానికి తిరిగి ఇవ్వడంలో ఇంకొక దారి కూడా ఉంది. 2017 సెప్టెంబరు భూకంపంలో వెరాక్రూజ్‌లోని హాల్తిపాన్ పట్టణంలో ఉన్న సోన్ హరోచో కేంద్రం దెబ్బతింది. అదే రాష్ట్రంలోని కోఆతెపెక్‌లో పెరిగిన గాయని నతాలియా లఫుర్‌కాదె దాన్ని తిరిగి కట్టించడానికి నిధులు కూడగట్టే ప్రయత్నంలో భాగంగా 'ఉన్ కాంతో పోర్ మెహికో' ఆల్బమ్ చేశారు. 2020లో దానికి ఆ ఏటి మేటి ఆల్బమ్‌గా లాటిన్ గ్రామీ వచ్చింది. మీ స్థాయిలో అది హ్యూస్టన్‌లో ఒక హరానా తరగతికి రెండు వాద్యాలు కొనివ్వడం కావచ్చు.

ఖర్చు మాట అడగలేదు కానీ చెప్తాను. స్టూడియో అద్దె తరిమాకూ గొంతుకూ మాత్రమే పెట్టండి, మిగతావి ఇంట్లో ఉప్పు, కారం చూసుకుంటూ చేసుకోవచ్చు. చెక్క బిరడలతో తీగలు బిగించే హరానా ఏసీ గదిలోకి రాగానే శ్రుతి తప్పుతుంది; వాద్యాన్ని గంట ముందే గదిలో పెట్టి, ప్రతి టేకు మధ్యా కలుపుకునే సమయాన్ని లెక్కలో వేసుకోండి. మాస్టరింగ్, అంటే విడుదలకు ముందు చివరి మెరుగు, చేసేవారికి మడమ దెబ్బలు నలిగిపోకుండా చూడమని ముందే చెప్పాలి. స్పాటిఫై ఎలాగూ పాటలన్నిటినీ దాదాపు మైనస్ 14 లఫ్స్ (బిగ్గరతనాన్ని కొలిచే ప్రమాణం) స్థాయికి సర్దుతుంది కనుక, శబ్దపు శిఖరాలను అణిచే లిమిటర్‌తో నొక్కి బిగ్గరగా చేసిన పాటను అది మళ్ళీ కిందికే దించుతుంది. మీకు మిగిలేది నలిగిన మడమ. మొదటి సోన్ ముగ్గురూ కలిసి, బీట్ లేకుండా, ఫోనులో రికార్డు చేసినా చాలు, నాకు పంపండి. కిక్ ఎక్కడ పడాలో విని చెప్తాను.